నోట్సులో ట్యాగు దేనికి, సెర్చ్ దేనికి

నోట్సు యాప్‌లో నోట్సు వందల్లోకి వెళ్లగానే చాలామంది ప్రతిదానికీ మూడు నాలుగు ట్యాగులు (ముందు # పెట్టి రాసే గుర్తు మాటలు) తగిలించేస్తారు. నెల తిరక్కుండానే బ్యాంకు, బ్యాంక్, లోను, అప్పు అని ఒకే సంగతికి నాలుగు ట్యాగులు తయారవుతాయి. నోటులో ఉన్న మాటకు ట్యాగు దండగ, దాన్ని సెర్చే పట్టిస్తుంది. లేని మాటకే ట్యాగు పెట్టండి. కరెంటు బిల్లు గొడవ రాసుకున్న నోటులో ‘మీటరు’ ఎలాగూ ఉంటుంది, అది ఇంకా తేలలేదన్న సంగతి ఉండదు. అందుకే #పెండింగ్. పులిహోర కొలతలు రాసుకున్న చోట ‘వంట’ అన్న మాట రాదు, అందుకే #వంట. ఇలాంటివి పది పదిహేను చాలు.

తెలుగులో సెర్చ్ తప్పేది ఎక్కువగా విభక్తుల దగ్గర. ‘పొలం’ అని కొడితే ‘పొలంలో’ వస్తుంది, ‘పొలానికి’ రాదు. సున్నా తీసేసి ‘పొల’ అని కొట్టండి, రెండూ వస్తాయి. ‘బ్యాంక్’ అంటే ‘బ్యాంకు’ దొరకదు, చివర పొల్లు ఉంది కాబట్టి. ‘బ్యాంక’ దగ్గర ఆపితే రెండూ దొరుకుతాయి. ‘ఇల్లు’ మొండిది: ఇంటికి, ఇళ్లలో అని మొదలే మారిపోతుంది. అబ్సిడియన్ అనే నోట్సు యాప్‌లో అయితే ఇల్లు, ఇంటి, ఇళ్ల అన్న మూడు ముక్కల మధ్య ‘ఓఆర్’ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పెట్టి ఒకేసారి వెతకొచ్చు.

ఇంకో చిక్కు కంటికి కనపడదు. ‘ఫోన్‌లో’ అని పొల్లు విడిగా నిలవాలంటే కీబోర్డు మధ్యలో ఒక గుప్త అక్షరం పెడుతుంది. అది లేకుండా కొడితే ‘ఫోన్లో’ అవుతుంది. చూడ్డానికి దగ్గరగానే ఉన్నా సెర్చ్‌కి అవి వేరు వేరు మాటలు. ‘ఫోన్’ దాకా కొట్టి ఆపేయండి.

మీ యాప్ మాట మధ్యలో కూడా వెతుకుతుందో లేదో ముందే చూసుకోండి. ఒక నోటులో ‘పొలానికి’ అని రాసి ‘లాని’ అని వెతకండి. రాకపోతే అది మాట మధ్యలో వెతకదన్నమాట.

అబ్సిడియన్ ట్యాగులో ఖాళీ కుదరదు, అండర్‌స్కోర్ గానీ హైఫన్ గానీ వాడాలి. అంకెలు మాత్రమే ఉంటే ట్యాగే కాదు: #2024 పనిచెయ్యదు, #పన్ను2024 పనిచేస్తుంది. #ఇల్లు/రిపేరు అని గీత పెడితే, #ఇల్లు ట్యాగు వెతికినప్పుడు అదీ వస్తుంది. హ్యాష్ కొట్టగానే వచ్చే జాబితాలోంచే ఎంచుకోండి. రసీదు, రశీదు రెండూ పుట్టేది చేత్తో టైపు చేసినప్పుడే.

ఫొటోగా దాచిన బిల్లుకు కింద ఒక్క వరుస రాయాలి: ‘ఫ్రిజ్, వారంటీ, 2024-06-15, 18,500’. తేదీ ఎప్పుడూ ఇదే వరసలో ఉంటే ‘2024-06’ అని కొట్టి జూన్ మొత్తం తీయొచ్చు.

పాత నోట్సుకు కూర్చుని ట్యాగులు పెట్టొద్దు. వెతికినప్పుడు సులువుగా దొరకనిదేదో, దొరికిన ఆ నిమిషంలోనే దానికి ట్యాగు పెట్టండి.