కారవాన్ లాగే పాత బండి: ఉంచాలా, మార్చాలా తేల్చుకునే ముందు జాగ్రత్తలు

ఘాట్ దిగుతున్న బండి వెనక తగిలించిన కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగుతుంది. మూడో ఊపుకి బండిని కూడా తిప్పేసి రోడ్డుకు అడ్డంగా పడిపోతుంది. సెలవులు దగ్గరపడే కొద్దీ ఇలాంటి వీడియోలు ఫోన్లలో తిరుగుతాయి. వాటి కింద ఎవరో ఒకరు "పాత బండి కదా, అందుకే" అని తేల్చేస్తారు. ఆ మాటకు భయపడి పదిహేనేళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ అమ్మేసి కొత్తది కొనేవాళ్లున్నారు. అదే కారవాన్‌ను, అదే సామానుతో, ఈసారి ఇంకాస్త వేగంగా లాగుతారు.

ఇంజిన్ ఆయిల్, టైర్లలో గాలి, ఇండికేటర్ లైట్ల గురించి ఇక్కడ చెప్పడం లేదు. అవి ఎలాగూ చూసుకుంటారు. ఎక్కువమందిని ముంచే తప్పు ఒకటుంది: కాటా వేయించకుండా నిర్ణయం తీసుకోవడం. పాతది ఉంచుకునేవాళ్లూ ఈ తప్పే చేస్తారు, కొత్తది కొనేవాళ్లూ ఈ తప్పే చేస్తారు.

ముందు కాటా

బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో "3500 కిలోలు లాగుతుంది" అని ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాలతో ఇంకో రెండు అంకెలుంటాయి. బండి, అందులో మనుషులు, సామాను, టో బాల్ (కారవాన్‌ను తగిలించే వెనక గుండు) మీద పడే బరువు, అన్నీ కలిపి దాటకూడని హద్దు జీవీఎం. బండి చక్రాలు, కారవాన్ చక్రాలు కలిపి రోడ్డు మీద మోపగల మొత్తం బరువుకు హద్దు జీసీఎం. మీ నిర్ణయం ఈ రెంటి మీదే ఆధారపడాలి.

ఒక లెక్క చూడండి. ఖాళీ బండి 2350 కిలోలు, జీవీఎం 3100, జీసీఎం 6000, లాగే సామర్థ్యం 3500 అనుకుందాం. అంటే బండి మోయగలిగింది 750 కిలోలు. 3500 కిలోల కారవాన్ తగిలిస్తే, అందులో పదో వంతు, అంటే 350 కిలోలు, టో బాల్ మీద పడతాయి. మిగిలింది 400. నలుగురు మనుషులకు 300 తీసేయండి, 100 మిగులుతుంది. ముందు బుల్ బార్ 60, పైన రూఫ్ ర్యాక్ 30, రెండో బ్యాటరీ 25. హద్దు 15 కిలోలు దాటిపోయింది, ఇంకా ఒక్క సంచీ కూడా ఎక్కించలేదు. సరే, ర్యాక్ తీసేసి ఎలాగోలా 3100 దగ్గర ఆపారనుకోండి. కారవాన్ చక్రాల మీద ఇంకా 3150 ఉంది. రెండూ కలిపితే 6250. జీసీఎం కంటే 250 ఎక్కువ. బ్రోచర్ అబద్ధం చెప్పలేదు. 3500 లాగుతుంది, బండి దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు.

వెనక ఇరుసు సంగతి ఇంకా ఘోరం. టో బాల్ వెనక చక్రాలకు 1.2 మీటర్ల అవతల ఉండి, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.8 మీటర్లయితే, బాల్ మీది 350 కిలోలు వెనక ఇరుసు మీద 500 అవుతాయి. ముందు చక్రాల మీంచి 150 కిలోలు లేచిపోతాయి. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. ఏర్పాట్లు బాగా కుదిరాయని సంబరపడకండి, ముందు టైర్ల పట్టు తగ్గిందని అర్థం.

కాటా ఇలా వేయించండి. ప్రయాణానికి ఎలా బయల్దేరుతారో అలాగే: నీళ్ల ట్యాంకు, గ్యాస్, డీజిల్ నిండుగా, అందరూ సీట్లలో కూర్చుని. లీటరు నీళ్లంటే కిలో అని మరవద్దు. మొదట తగిలించిన జంట మొత్తం. తర్వాత కారవాన్ తగిలించే ఉంచి, బండి చక్రాలు మాత్రమే కాటా మీద. తర్వాత బండి వెనక చక్రాలు మాత్రమే. చివర్న కారవాన్ విప్పి, దాన్ని ఒక్కదాన్నే ముందు చిన్న చక్రంతో సహా. కారవాన్ మొత్తం బరువులోంచి, తగిలించి ఉన్నప్పుడు దాని చక్రాల మీద పడిన బరువు (మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే అది తెలుస్తుంది) తీసేస్తే వచ్చేది బాల్ బరువు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బాల్ బరువును బార్లతో ముందు చక్రాలకూ పంచే తగిలింపు) ఉంటే ఆ లెక్క దాని బార్లు బిగించకుండా చూడాలి, బిగిస్తే తప్పు అంకె వస్తుంది.

హద్దు దాటితే సామాను తగ్గించండి, లేదా కారవాన్ తగ్గించండి, లేదా అప్పుడు పెద్ద బండి చూడండి. గట్టి స్ప్రింగులు వేయించి జీవీఎం పెంచుకోవచ్చు గానీ దానంతట అది జీసీఎం పెరగదు. వెనక స్ప్రింగుల దగ్గర పెట్టే ఎయిర్ బ్యాగులు (గాలి సంచులు) బండి వెనక భాగాన్ని ఎత్తి చూపిస్తాయి, ఇరుసు సామర్థ్యాన్ని కిలో కూడా పెంచవు. పైగా కమాన్ కట్టల రెండు చివర్లా పడాల్సిన భారాన్ని చాసిస్‌లో ఒకే చోట మోపుతాయి. పికప్ బండ్ల చాసిస్ క్యాబిన్ వెనక వంగిపోవడం అక్కడ మొదలవుతుంది.

హద్దులోనే ఉంటే, అప్పుడు పాత బండి ఒళ్లు చూడాలి

చాసిస్‌తో మొదలుపెట్టండి. హిచ్ బిగించిన బోల్టుల చుట్టూ, వెనక కమాన్ కట్ట వేలాడే బ్రాకెట్ల దగ్గర, వెల్డింగుల అంచుల్లో బురద కడిగి, తుడిచి, లైటు వేసి చూడండి. సన్న గీతలా తుప్పు కారుతుంటే అది పగులు. తుప్పు పట్టిన చోట సుత్తితో తట్టండి: ఖంగుమంటే లోహముంది, మొద్దుగా మోగితే లోపల తినేసింది. చాసిస్ తినేసిన బండితో కారవాన్ లాగొద్దు. ఇంజిన్ ఎంత బాగున్నా సరే.

రెండోది వేడి. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు ముల్లు వేడి ఎంత మారినా మధ్యలోనే నిలబడుతుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్ అంకెలు చదివే సాకెట్‌కు) చిన్న గేజ్ పెట్టి కూలెంట్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వేడి అంకెల్లో చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ 120 డిగ్రీలు దాటుతోందంటే ఆ గేరు, ఆ వేగం, ఆ బరువు, మూడింటిలో ఏదో తప్పు. పాత రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే గొట్టం లోపలే ఉంటే ఇంకో ప్రమాదం. అది తుప్పుకు చిల్లిపడితే కూలెంట్ ఆయిల్లో కలిసి గులాబీ రంగు మీగడలా మారుతుంది, క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది. పదేళ్లు దాటిన రేడియేటర్‌ను లీకయ్యేదాకా ఉంచకుండా మార్చేయండి, గేర్‌బాక్స్‌కు విడిగా కూలర్ పెట్టించండి. ఫ్యాన్ క్లచ్ కూడా అప్పుడే. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కున్న మట్టి, పురుగులు బయట నుంచి కనపడవు. రెంటినీ విడదీసి కడిగించండి.

రేడియేటర్, బుష్‌లు, బేరింగులు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు పాడైతే బండి అమ్మక్కర్లేదు, అవి అరిగే సామాన్లు. చాసిస్ తుప్పు, ఆయిల్ ఫిల్లర్ మూత తీస్తే దట్టంగా కొట్టే పొగ, మరమ్మతు చేశాక కూడా లోడు మీద కూలెంట్ తోడేసే ఇంజిన్, దొరకని విడిభాగాలు, ఇవి అమ్మడానికి కారణాలు. "పాతబడింది" అన్నది కారణం కాదు.

మారుస్తుంటే

కొత్త బండి కొనే ముందే పాతదాని కాటా చీటీ చేతిలో ఉండాలి. అది లేకుండా షోరూంలో అడుగు పెట్టొద్దు. మీ కారవాన్ అసలు బరువు, బాల్ బరువు, మీ మనుషుల బరువు రాసుకెళ్లి, కొత్త బండి జీవీఎం, జీసీఎం, వెనక ఇరుసు హద్దు అడగండి. చెప్పలేకపోతే తలుపు దగ్గరి ప్లేటు, మాన్యువల్ చూపించమనండి. హార్స్‌పవర్ మాటలకు పడొద్దు, బలమైన ఇంజిన్ బరువును దాచేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇబ్బంది తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. కొత్త బండి తేలికైతే మరీ జాగ్రత్త. లోడు వేసిన కారవాన్ లోడు వేసిన బండి కంటే బరువుంటే, ఊపు వచ్చినప్పుడు వెనకదే ముందుదాన్ని నడిపిస్తుంది.

కొత్త బండి కొన్న వారానికే కారవాన్ తగిలించొద్దు. మొదట ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా నడపాలో మాన్యువల్ చెబుతుంది. పాత హిచ్‌ను కొత్తదానికి బిగించేయొద్దు, బాల్ ఎత్తు మారుతుంది. ముక్కు పైకి లేచిన కారవాన్ ఊగుతుంది. కారవాన్ బ్రేకులను బండిలోంచి పనిచేయించే బ్రేక్ కంట్రోలర్‌ను కొత్త బండికి మళ్లీ సరిచేయండి. ఖాళీ రోడ్డు మీద పరీక్షించండి.

ఇక, ఏ బండైనా సరే.

టైరు మీద DOT (డాట్) అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంతున్నా ఏడేళ్లు దాటిన టైరుతో లాగొద్దు.

కారవాన్ టైర్లకూ ఇదే.

బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి. అది గాల్లో తేమ పీలుస్తుంది, దిగుడులో మరుగుతుంది, పెడల్ నేలకు తగులుతుంది.

బరువు సామాను కారవాన్ ఇరుసు పైనే. వెనక బంపర్ మీద రెండు స్టెప్నీలు, జనరేటర్ పెట్టొద్దు.

దిగుడుకు ముందే గేరు తగ్గించండి, మధ్యలో కాదు.

ఓవర్‌డ్రైవ్‌లో (వేగంగా పోయేటప్పుడు వాడే పై గేరులో) ఎత్తు ఎక్కొద్దు.

పొడి తారు రోడ్డు మీద పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (కావాల్సినప్పుడు మాత్రమే నాలుగు చక్రాలనూ తిప్పే ఏర్పాటు) వేయొద్దు.

ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. బ్రేక్ తొక్కొద్దు. స్టీరింగ్‌తో ఎదురు తిప్పొద్దు. చేత్తో కంట్రోలర్ మీది కారవాన్ బ్రేక్ మాత్రమే నొక్కండి.

కారవాన్‌ను బండికి కలిపే గొలుసులు టో బాల్ కింద అడ్డంగా దాటించి కట్టండి.

కాటా వేయించండి. "కిందటేడు చూశాం" అనొద్దు. గుడారం, ఫ్రిజ్, బ్యాటరీ ఏది చేరినా మళ్లీ వేయించండి. చీటీ మీద తేదీ రాసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.