ముసురు పట్టకముందే: స్కూటర్‌కు ఛార్జింగ్ పాయింట్ పెట్టించేవాళ్ళకు జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే మా వైపు మెకానిక్ షెడ్ల ముందు బళ్ళు బారులు తీరతాయి. సగం బళ్ళది ఒకటే గోల: తడిసింది, సెల్ఫ్ అందుకోవట్లేదు. వాటిలో కొన్నిటికి హ్యాండిల్ పక్కన చిన్న నల్లటి డబ్బా కనిపిస్తుంది. ఫోన్ ఛార్జింగ్ పాయింట్. ఎండాకాలంలో ఎవరో పది నిమిషాల్లో బిగించేసి ఉంటారు. ఎలా బిగించారో వానాకాలంలో బయటపడుతుంది.

నేను భీమవరం, నరసాపురం మధ్య రొయ్యల చెరువుల మీద తిరిగే ఉద్యోగిని. రోజులో సగం బండి మీదే. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే రైతు ముందు ఫోన్ చేసేది మాకే, అప్పుడు ఫోన్ చచ్చి ఉంటే మొహం చూపించలేం. అందుకే నాలుగేళ్ళ కిందట రోడ్డు పక్క ఒక షాపులో మూడు వందల డబ్బా ఒకటి పెట్టించాను. "డైరెక్టుగా బ్యాటరీకిచ్చేత్తానండి, కీ లేకపోయినా ఛార్జింగ్ ఎక్కుద్ది" అన్నాడు కుర్రాడు. అదేదో సౌకర్యం అనుకుని తలూపాను. సంక్రాంతికి అత్తవారింటికెళ్ళి తొమ్మిదో రోజు వచ్చి సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్‌మంది, అంతే. కిక్ కొట్టి కొట్టి కాలు పట్టేసింది కానీ బండి కదల్లేదు.

తప్పు ఎక్కడుందో తర్వాత మీటరు పెట్టి చూస్తే తెలిసింది. ఆ డబ్బాలో వోల్టులు చూపించే ఎర్ర అంకెలున్నాయి, ఫోన్ పెట్టకపోయినా వెలుగుతూనే ఉంటాయి. లాగేది 20 మిల్లీ ఆంపియర్లే. వినడానికి ఏమీ కాదు. కానీ రోజుకు 24 గంటలు లాగితే దాదాపు అర ఆంపియర్ అవర్. మన స్కూటర్లలో ఉండేది మామూలుగా 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, కారుకున్నంత కాదు. వారం పది రోజులు నిలబెడితే నిండు బ్యాటరీ కూడా అడుగంటుతుంది. ఇంకో చిక్కుంది. పాత కార్బ్యురేటర్ బళ్ళు చాలామటుకు బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే లేచేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బళ్ళ పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు) వచ్చాక కొత్త స్కూటర్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. పెట్రోల్ పంపు తిరగాలన్నా, లోపలి కంప్యూటర్ లేవాలన్నా బ్యాటరీలో ఎంతో కొంత ఉండాలి. పూర్తిగా పడిపోతే చాలా బళ్ళకు కిక్ ఉండీ ప్రయోజనం లేదు. కొన్ని మోడళ్ళకైతే ఆ కిక్కూ ఇవ్వడం లేదు.

కాబట్టి షాపువాడితో ముందు చెప్పాల్సిన మాట: కీ తీస్తే డబ్బా చావాలి. దీని మీద బేరం వద్దు. కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు ఏదో వెతికి దాని నుంచి తీసుకోమనండి. చాలా బళ్ళలో హారన్‌కు వెళ్ళే రెండు వైర్లలో ఒకటి అలాంటిదే. అయితే అన్ని మోడళ్ళూ ఒకలా ఉండవు, అందుకని టెస్ట్ లైటు పెట్టి కీ ఆన్‌లో వెలగడం, ఆఫ్‌లో ఆరిపోవడం మీ కళ్ళతో చూడండి. హెడ్‌లైట్ వైరు నుంచి మాత్రం తీయనివ్వకండి. 2017 ఏప్రిల్ నుంచి ఇంజన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగాలన్న నియమం వచ్చింది. బల్బు హెడ్‌లైట్ ఉన్న చాలా స్కూటర్లలో ఆ కరెంటు బ్యాటరీది కాదు, మాగ్నెట్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే భాగం) నుంచి నేరుగా వచ్చే ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు. మన డబ్బాకు కావాల్సింది డీసీ, బ్యాటరీ ఇచ్చే ఒకే దిశ కరెంటు. కలిపితే డబ్బా పోతుంది, దాంతోపాటు ఫోన్ పోయినా పోవచ్చు.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టించాలా అని అడుగుతారు కొందరు. మామూలు ఛార్జింగ్‌కు అక్కర్లేదనే నా అభిప్రాయం. 5 వోల్టులు, 2 ఆంపియర్ల డబ్బా బ్యాటరీ నుంచి ఒక ఆంపియర్ చిల్లర లాగుతుంది. 18 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్ అయితే ఒకటిన్నర, రెండు మధ్య. అంతకు మించిన వాట్లు రాసి ఉన్నవాటి జోలికి పోకండి. స్కూటర్ మాగ్నెట్ చిన్నది, ట్రాఫిక్‌లో స్లోలో ఉన్నప్పుడు అది బండికే బొటాబొటిగా సరిపోతుంది. అట్ట మీద ఇన్‌పుట్ 12 నుంచి 24 వోల్టులు అని ఉన్నదే కొనండి, ఎందుకంటే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 పైన ఉంటుంది, రెగ్యులేటర్ పాడైతే ఇంకా పైకి పోతుంది. కారు సిగరెట్ సాకెట్ లాంటిది పెట్టించి దానికి గాలి పంపు తగిలించే ఆలోచనుంటే ఇప్పుడే మానుకోండి.

ఇక ఫ్యూజు. "బండికి ఎలాగూ ఫ్యూజుంది కదండీ" అంటారు. ఉంది. అది పది ఆంపియర్లదో, ఇంకా పెద్దదో. మన డబ్బాకు వేసే సన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ పెద్ద ఫ్యూజు ఎగిరేలోపు సన్న వైరు కాలడం మొదలవ్వచ్చు. అది కాలేది ఎక్కడ? ప్లాస్టిక్ ప్యానెళ్ళ లోపల, పెట్రోల్ ఉన్న బండిలో. అందుకే 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు విడిగా ఉండాలి. అదీ డబ్బా దగ్గర కాదు, కరెంటు ఎక్కడ నుంచి తీసుకున్నారో అక్కడికి జానెడు లోపు. డబ్బా పక్కన పెట్టే ఫ్యూజు డబ్బాను కాపాడుతుంది, దారిలో ఉన్న వైరును కాపాడదు. కిట్‌తో వచ్చే వైర్లలో ఫ్యూజు హోల్డరే లేకపోతే విడిగా కొనివ్వండి, పెద్ద ఖర్చేమీ కాదు.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ విప్పే వరస కూడా చూసుకోండి. ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. ఇది చాదస్తం కాదు. బండి బాడీ అంతా మైనస్సే. మైనస్ ఉండగా ప్లస్ నట్టు మీద స్పానర్ పెట్టి, ఆ స్పానర్ రెండో కొస ఛాసిస్‌కు తగిలితే టప్‌మని నిప్పులు రాలతాయి. నా కళ్ళ ముందే ఒకసారి స్పానర్ అంచు కరిగి చిన్న గుంట పడింది.

అతుకుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మన గాలిలో చావుదెబ్బ తినేది అక్కడే. వైరును బ్లేడుతో గీకి, రెండు చుట్లు తిప్పి, నల్ల టేపు వేయడం మామూలు పద్ధతి. రోహిణి కార్తె ఎండకు ఆ టేపు జిగురు కారిపోతుంది, వేలితో లాగితే గొట్టంలా జారి వచ్చేస్తుంది. తర్వాత ముసురు పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉండేవాళ్ళకు వాన లేకపోయినా ఉప్పుగాలి చాలు. మా చెరువుల దగ్గర ఏరియేటర్ చిమ్మే తుంపరే ఉప్పు. నా పాత అతుకు విప్పి చూస్తే రాగి తీగ రాగిలా లేదు, పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడిలా రాలింది. ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండే తడి అతుకుకు చిలుము ఇంకా తొందరగా పడుతుంది, కీతో ఆరిపోయే కనెక్షన్‌కు అదో లాభం. అతుకును సోల్డరింగ్ చేయించండి, లేదా గట్టిగా క్రింప్ (లోహపు గొట్టంలో వైర్లు దూర్చి నొక్కేయడం) చేయించండి. పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించండి. వైరును కోయకుండా పైనుంచి నొక్కితే లోపలికి దిగే ప్లాస్టిక్ క్లిప్పులు సులువే కానీ, మన తీరంలో నేను నమ్మను. బ్యాటరీ టెర్మినళ్ళకు బిగించాక కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి. మైనస్ వైరును రంగు వేసిన ఏదో బోల్టుకు కాకుండా కంపెనీ ఇచ్చిన ఎర్త్ పాయింటుకో, బ్యాటరీ మైనస్‌కో ఇవ్వమనండి.

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఎలుకలు చేలు వదిలి ఇళ్ళ వైపు వస్తాయి. స్కూటర్ లోపలి వెచ్చదనం వాటికి మహా ఇష్టం. కొత్త వైరంతా కాస్త మందపాటి ఫ్లెక్సిబుల్ గొట్టంలో పోనివ్వడం మంచిది.

వైరు హ్యాండిల్ వైపు వెళ్ళే చోట ఒక ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కేబుల్ టైలతో అన్నిటినీ కట్టగా బిగించేస్తారు. ఆ కట్టలో ఎక్సలేటర్ కేబుల్ కూడా ఉంటే? పని అయ్యాక బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి, వెనక చక్రానికి ఎవరూ తగలకుండా ఉండి, ఇంజన్ స్లోలో ఉంచి, హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి చివరిదాకా తిప్పండి. ఇంజన్ చప్పుడు పెరిగిందంటే కేబుల్ బిగుసుకున్నట్టే, టైలు కోసి మళ్ళీ కట్టాలి. లేకపోతే సందు మలుపులో బండి తనంతట తాను ముందుకు దూకుతుంది. బ్రేకులు కూడా నొక్కి, పూర్తిగా వదులుగా వెనక్కి వస్తున్నాయో లేదో చూడండి.

డబ్బా ఎక్కడ పెట్టాలి? మూతి ఆకాశం వైపు ఉండకూడదు. కిందికో, పక్కకో ఉండాలి, రబ్బరు మూత గట్టిగా కూర్చోవాలి. వైరు డబ్బాలోకి వెళ్ళేముందు ఒక్కసారి కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడు నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ముందు గ్లవ్ బాక్స్ ఉంటే అదే అన్నిటికంటే మేలు. సీటు కింద డిక్కీలో పెట్టించుకుంటామంటారు, ఫోన్ తడవదని. కానీ చాలా బళ్ళకు పెట్రోల్ మూత సీటు కిందే ఉంటుంది. ఆవిరి తిరిగే చోట నిప్పురవ్వకు అవకాశం ఇవ్వడం ఎందుకు? పైగా కింద ఇంజన్ వేడి. ఫోన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, వేసవిలో డిక్కీ సులువుగా ఆ లెక్కకు చేరుతుంది. ఫోన్‌ను హ్యాండిల్ మీద హోల్డర్‌లో పెట్టేవాళ్ళకు ఒక మాట: బండి అదురుకు ఫోన్ కెమెరా పాడయ్యే అవకాశముందని ఆపిల్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది. వానలో ఎలాగూ అక్కడ ఛార్జింగ్ పెట్టకండి, తడి పిన్ను ఫోన్‌లోకి దిగితే లోపల కూడా ఆ చిలుమే.

ఎలక్ట్రిక్ స్కూటర్లవాళ్ళు ఇదేదీ చేయించకండి. పెద్ద బ్యాటరీ వైర్ల జోలికి బయటి మెకానిక్ వెళ్ళకూడదు. కావాలంటే కంపెనీ సర్వీసులోనే అడగండి. పెట్రోల్ బండి అయినా వారంటీలో ఉంటే వైరింగ్ కోయించేముందు సర్వీసు సెంటర్‌ను ఒక మాట అడగడం మంచిది. అసలు కోయకుండా, ఉన్న కనెక్టర్‌కే తగిలించే కిట్ మీ మోడల్‌కు దొరుకుతుందేమో చూడండి.

వరద రోజులు వేరు. 2022 జూలైలో గోదారి లంకల్లోకి వచ్చినప్పుడు బళ్ళు ఏటిగట్ల మీదే వారాల పాటు ఉండిపోయాయి. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే లాంటివి ఏటా మునుగుతాయి, కొందరు అందులోంచే నడిపేస్తారు. కొన్ని మోడళ్ళకు బ్యాటరీ ఫుట్‌బోర్డు కిందే ఉంటుంది, అంటే నీళ్ళు ముందు చేరేది దానికి, పక్కనే ఉన్న మీ కొత్త ఫ్యూజుకు. నీళ్ళు అంతదాకా వచ్చిన బండికి వెంటనే కీ తిప్పకండి. మైనస్ విప్పండి, ఫ్యూజు పీకండి. ఒండ్రు డబ్బా కన్నంలో ఎండిపోకముందే మంచినీళ్ళతో కడిగి, రెండు రోజులు ఆరనివ్వండి. ఫ్యూజు తిరిగి వేయగానే పోతే పెద్ద ఫ్యూజు వేయకండి. లోపల ఎక్కడో షార్టుంది. డబ్బా కనెక్షన్ తీసేసి బండిని మామూలుగా వాడుకోండి, డబ్బా సంగతి తర్వాత చూడొచ్చు.

తుపాను సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి. 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత కోనసీమలో కరెంటు ఎన్నాళ్ళు రాలేదో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. అప్పుడు చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, ఇప్పుడు ఇంటికి నాలుగు. స్కూటర్‌కు పాయింటుందని తెలిస్తే వీధి వీధంతా మీ ఇంటికే వస్తుంది, కాదనలేం కూడా. ఇంజన్ ఆపి వరసగా ఫోన్లు పెడితే రెండు మూడు ఫోన్లకే స్కూటర్ బ్యాటరీ నీరసిస్తుంది. అందుకని ఇంజన్ నడిపించే ఛార్జ్ చేయాలి. కానీ ఎక్కడ? వాన పడుతోందని బండిని హాల్లోకి, వరండాలోకి, షట్టర్ వేసిన కొట్లోకి తెచ్చి ఇంజన్ వేయకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మూసిన చోట నిమిషాల్లో పేరుకుంటుంది. తల నొప్పి, తల తిరుగుడు మొదలయ్యేసరికి లేచి బయటికి వెళ్ళే ఓపిక ఉండకపోవచ్చు. బండి ఆరుబయటే ఉండాలి, పొగ గొట్టం కిటికీ వైపు ఉండకూడదు. వాన ఆగకపోతే ఛార్జింగ్ ఆపాల్సిందే. తుపాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకులు నింపి పెట్టుకుంటే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. డబ్బాను పవర్ బ్యాంకు నింపుకోవడానికే వాడి, ఫోన్‌ను దాని నుంచి ఛార్జ్ చేసుకోవడం నాకు అలవాటైంది. ఖరీదైన ఫోన్‌ను బండి కరెంటుకు నేరుగా అప్పగించే పని తప్పింది.

మొదటి పెద్ద వానకు తడిసిన మర్నాడు మూత ఎత్తి టార్చి లైటు వేసి చూడండి. లోపలి పిన్నులు మెరుస్తుంటే సరే. ఆకుపచ్చ కనిపిస్తే గీకి శుభ్రం చేసి నెట్టుకురావద్దు, డబ్బా మార్చేయండి. ఇక నా డిక్కీలో ఇప్పుడు పాలిథిన్ కవర్లో చుట్టి నాలుగు ఫ్యూజులుంటాయి. మొన్న శ్రావణంలో నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) కోసం నిలబడి ఉంటే, పక్కన ఒకాయన బండి ఫ్యూజు పోయిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెడుతున్నాడు. "అలా చేయకండి బాబాయ్, కాలిపోద్ది" అని రెండు ఇచ్చాను. మొదటిది పెట్టగానే పోయింది. రెండోది పెట్టేముందు ఆయన డబ్బా వైరు తీయించాను, బండి లేచింది, పంటూ అందింది.