పాత స్ప్లెండర్‌ని ఇంటి వసారాలోనే మళ్లీ నిలబెట్టడం ఎలా?

పాత బండి కొన్న కుర్రాళ్లలో చాలామంది మొదట తెచ్చేది ఎల్‌ఈడీ లైటు, వెడల్పాటి టైరు, స్టిక్కర్లు. ఇంజను సంగతి తేలకముందే హ్యాండిల్ మారిపోతుంది, డబ్బులు సగం అక్కడే అయిపోతాయి, బండేమో ఏడాదిపాటు గోడకి ఆనుకుని ఉంటుంది. వరస తిరగెయ్యండి: ముందు కాగితాలు, తర్వాత ఇంజను, వైర్లు, బ్రేకులు. అందం ఆఖర్న.

ఏ బండి తీసుకోవాలి? మొదటిసారి అయితే హీరో హోండా సీడీ100 గానీ పాత స్ప్లెండర్ గానీ చూడండి. 97.2 సీసీ ఇంజను, చిన్నది, సులువైనది, సామాను మన ఒడిశా వైపు పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ దొరుకుతుంది. ఆర్‌ఎక్స్ 100 మోజు నాకు తెలుసు కానీ, 1996లో తయారీ ఆగిపోయిన బండికి ఇవాళ అడుగుతున్న ధరలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు, పైగా డూప్లికేట్ సామాను బెడద ఒకటి.

ఇంకొక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో, అటు శ్రీకాకుళం వైపు కూడా చాలా బండ్లు నీళ్లలో మునిగాయి. అలాంటి బండి పైకి శుభ్రంగానే ఉంటుంది. హెడ్‌లైట్ డూమ్ (లైటు చుట్టూ ఉండే గిన్నె) విప్పి లోపల చూడండి, సీటు తీసి బ్యాటరీ వెనక వేలు పెట్టి చూడండి, ఎండిన ఒండ్రు దొరికితే తెలిసిపోతుంది. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. కొనకూడదని కాదు, ఆ లెక్కన బేరం ఆడాలి.

కాగితాల దగ్గర తొందర పడొద్దు

మన పర్లాకిమిడికి ఏపీలోని పాతపట్నం పక్కూరే, కానీ ఆర్టీఓ దృష్టిలో అది వేరే రాష్ట్రం. ఏపీ నంబరు బండిని ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడ నంబరు వేయించుకోవాలి, దానికి అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి (ఫారం 28), పేరు మార్పుకి 29, 30 ఫారాలు. ఓనరు సంతకం పెట్టడానికి దొరుకుతాడా లేదా అన్నది డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి, బతికి లేకపోతే వారసుల కాగితాలు అడగండి. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద ఉండే చాసిస్ నంబరుని తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆర్సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. ఇంజను నంబరు కూడా అంతే. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫారం 25తో ఐదేసి ఏళ్లకి రెన్యువల్. అది అయిపోయిన బండి అయితే ఆ ఖర్చు కూడా ధరలో తగ్గించమనండి.

విప్పడం

ప్రతి భాగం విప్పే ముందు ఫోన్లో ఫోటో తీయండి, ముఖ్యంగా వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో. బోల్టులు జిప్ కవర్లలో వేసి మీద రాసుకోండి. పానాలు 8, 10, 12, 14, 17 సైజులు ఉంటే చాలావరకు పని గడుస్తుంది. ఇంజను కవర్లకి ఉండే స్టార్ స్క్రూలు జపాన్ పద్ధతివి, మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి బలం చూపిస్తే తలలు అరిగిపోతాయి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. తుప్పు పట్టిన బోల్టుకి రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పొద్దున విప్పడం మంచిది. గంజాం జిల్లా గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తిన్న బండ్లకి ఇది మరీ అవసరం, ఒక్కోసారి రెండు రాత్రులు కూడా ఆగాలి.

ఇంజను ఊరికే తెరవకండి

చాలామంది మెకానిక్కులు మొదటి మాటగానే బోరు చేయించాలంటారు, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కాస్త పెద్దగా కోయించడం. ముందు పొగ చూడండి. స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ల పని, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. నల్ల పొగ అయితే కార్బొరేటర్‌లో (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) పెట్రోలు ఎక్కువ పోతోంది, ఇంజను జోలికి వెళ్లక్కర్లేదు.

నిజంగా బోరు అరిగితే ముందు పిస్టన్ కొని, దాన్ని వర్క్‌షాపుకి పట్టుకెళ్లి దానికి తగ్గట్టు బోరు చేయించండి, బోరు చేయించాక పిస్టన్ వెతకడం కాదు. అసలు బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టన్లు 0.25, 0.50 చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి. బిగించేటప్పుడు మ్యాగ్నెట్ మీద ‘T’ గుర్తునీ, పైన క్యామ్ స్ప్రాకెట్ (వాల్వులని నడిపే పళ్ల చక్రం) గుర్తునీ ఒకేసారి వాటి వాటి ఎదురు గుర్తులతో కలపాలి, ఒక్క పన్ను తప్పినా బండి స్టార్ట్ అవదు, అయినా లాగదు. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండే సన్నని సందు, ఇంజను చల్లారాకే, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకు) 0.05 మిల్లీమీటర్లకి పెట్టండి.

టాంకు, కార్బొరేటర్

టాంకులో తుప్పుంటే తుప్పు వదిలించే మందు, గుప్పెడు నట్లు వేసి ఊపి, నీళ్లతో కడిగి, వాషింగ్ సోడా కలిపిన నీళ్లతో మళ్లీ కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. టాంకుకి చిల్లుంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు, ఖాళీ టాంకులో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాతకాలపు రబ్బరు ట్యూబులు, కార్బొరేటర్ ఓరింగులు (గుండ్రటి రబ్బరు సీళ్లు) ఉబ్బి కారుతాయి. అవన్నీ మార్చేయండి, ఖర్చు తక్కువే. బండి నెలల తరబడి నిలిపితే పెట్రోలు తీసేయండి, ఇథనాల్ తేమ లాక్కుంటుంది.

వైరింగ్, బ్రేకులు

టేపు చుట్టిన జాయింట్లు కనిపిస్తే అతుకు మీద అతుకు వేయకుండా కొత్త వైరింగ్ సెట్టే వేయండి. ఎర్తు వైరు బిగించే చోట పెయింటు గీకాలి, సగం తలనొప్పులు అక్కడివే. ఈ పాత బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా ఇంజను తిరిగితే వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది, నేరుగా ఎల్‌ఈడీ తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది. బ్రేకు షూలు, కేబుళ్లు, టైర్లు, హ్యాండిల్ బేరింగులు కొత్తవి వేయండి. ఇక్కడ మిగుల్చుకునే వెయ్యి రూపాయలతో మహేంద్రగిరి ఘాట్ దిగడానికి నేనైతే సాహసించను.

ఇప్పుడు అందం

సీటు మీ ఊళ్లోనే కుట్టించుకోవచ్చు, హ్యాండిల్ ఎత్తు మార్చుకుంటే కేబుళ్ల పొడవు సరిపోతుందో లేదో పూర్తిగా ఇటూ అటూ తిప్పి చూసుకోండి. రంగుకి ముందు ఎమెరీ, ప్రైమర్, పుట్టీ ఓపిగ్గా చేయండి, వానాకాలంలో మాత్రం రంగు వేయకండి, తేమకి మబ్బు పడుతుంది. ఆర్సీలో ఉన్న రంగు కాకుండా వేరేది వేస్తే ఆర్టీఓలో రాయించాలి.

ఫ్రేము కోయడం, వేరే పెద్ద ఇంజను పెట్టడం, సైలెన్సర్ లోపలి గొట్టం తీసేయడం మానండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. సోషల్ మీడియాలో కనిపించే కేఫ్ రేసర్లు (పాతకాలపు రేసు బండిలా మార్చినవి) చాలావరకు ఆ లెక్కన రోడ్డెక్కకూడనివే.

బోరు చేసిన బండి అయితే మొదటి 500 కిలోమీటర్లు వేగం గంటకి 45 కిలోమీటర్లు దాటించకండి, ఒకే వేగంలో లాగించకండి, వెనకాల మనిషిని ఎక్కించకండి. మొదటి పరుగు ఊరి చుట్టూనే పెట్టుకుని, ఇంటికొచ్చి చల్లారాక బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడండి. 500 దాటగానే ఆయిలు మార్చి, పాత ఆయిల్లో ఇనప రజను ఎంతుందో తెల్ల పళ్లెంలో పోసి చూడండి. కొద్దిగా మెరుపు మామూలే, వేలికి గుచ్చుకునే ముక్కలు తగిలితే బండి ఆపేసి ఇంజను మళ్లీ దింపాల్సిందే.