మంచు మీద గాలం – 4వ పాఠం: ఏ దారం ఎక్కించాలి?

పోయిన పాఠంలో మంచు మందం కొలవడం, ఆగర్‌తో (మంచు తొలిచే బర్మాతో) రంధ్రం వేయడం చూశాం. కొత్తగా ఏర్పడిన గట్టి మంచు కనీసం 4 అంగుళాలు లేనిదే సరస్సు మీద కాలు పెట్టకూడదని మళ్లీ గుర్తు చేస్తున్నాను. ఈసారి దారం సంగతి. మన ఉదాహరణ మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సే. మినియాపోలిస్ వైపు ఉండే తెలుగువాళ్లకు కారులో సుమారు రెండు గంటల ప్రయాణం.

మన ఊరి చెరువులో గాలం వేసినవాళ్లు దారం గురించి అంతగా ఆలోచించరు. బొచ్చె పడినా రాగండి పడినా తెగకుండా ఉంటే చాలు. ఇక్కడ అలా కుదరదు. మంచు కింద నీరు మనం అనుకున్నంత చల్లగా ఉండదు. మంచుకు ఆనుకున్న చోట సున్నా డిగ్రీలు, లోతుకు వెళ్లేకొద్దీ సుమారు 4 డిగ్రీల సెల్సియస్. పైన గాలి మాత్రం జనవరిలో మైనస్ 20కి కూడా పడిపోతుంది. కాబట్టి దారానికి అసలు కష్టం నీళ్లలో లేదు, రంధ్రం నుంచి రీలు దాకా గాలిలో ఉండే ఆ కొద్దిపాటి పొడవులో ఉంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, ఏ దారం ఎక్కడ పనికొస్తుందో చాలావరకు మీరే తేల్చుకోగలరు.

ముందు మందం, దాంతోపాటు వచ్చే బలం. డబ్బా మీద ‘4 పౌండ్ టెస్ట్’ అని ఉంటే, సుమారు 1.8 కిలోల లాగుడు వరకు ఆ దారం తట్టుకుంటుందని అర్థం. అంత బరువు చేపకే సరిపోతుందని కాదు. రీలులో డ్రాగ్ (దారం ఎంత లాగుడుకు జారాలో సర్దే బిగింపు) సరిగా బిగిస్తే చేప గట్టిగా లాగినప్పుడు దారం జారి వదులవుతుంది, తెగదు. అందుకే 6 పౌండ్ల దారంతో 3 కిలోల వాల్‌ఐ చేపను కూడా నిదానంగా పైకి తేవచ్చు. లావు దారం తీసుకుంటే నిశ్చింత అనుకోవడం కొత్తవాళ్ల ఆలోచన. మంచు మీద దానివల్ల చేపలు తగ్గుతాయి.

కారణం చెబుతాను. చలికాలంలో చేప మందకొడిగా ఉంటుంది. ఎరను ఒక్క ఊపున లాక్కుపోదు, నోట్లోకి పీల్చి చూసి వదిలేస్తుంది. క్రాపీ, బ్లూగిల్ లాంటి చిన్న చేపలకు వాడే జిగ్ (బరువు అతికించిన గాలపు కొక్కెం) అర గ్రాము కూడా తూగకపోవచ్చు. స్పూలు మీద చుట్టి ఉన్న లావు దారం చలికి బిగుసుకుని, ఆ చుట్ల ఆకారంలోనే నీళ్లలోకి దిగుతుంది. అంత తేలిక జిగ్ దాన్ని సాగదీసి నిటారుగా ఉంచలేదు. చేప ఎరను ముట్టినప్పుడు ముందు ఆ చుట్లు విచ్చుకుంటాయి, మీ చేతికి ఏమీ తెలియదు. ఎర వదిలేశాక ఎంత చూసినా లాభం లేదు. అందుకని చిన్న చేపలకు 2 నుంచి 4 పౌండ్లు, వాల్‌ఐకి 4 నుంచి 8 పౌండ్లు చాలు. జిగ్ సీసం లోహంతో చేసినది కాకుండా టంగ్‌స్టన్‌ది తీసుకుంటే అదే సైజులో బరువు ఎక్కువ, దారం నిటారుగా నిలబడుతుంది. ధర ఎక్కువే అయినా ఆ డబ్బు దండగ కాదు.

ఇక రకాలు. నైలాన్ మోనోఫిలమెంట్ చవక, మెత్తన, ముడి సులువుగా పడుతుంది. సాగుతుంది కూడా, కాబట్టి లోతు పెరిగేకొద్దీ చేప ముట్టింది తెలియడం కష్టం. ఇరవై అడుగుల లోపు లోతుకు అది లోపం కాదు. పైగా చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ సాగుడే కాపాడుతుంది. ‘ఐస్’ అని రాసి ఉన్న మెత్తటి రకమే అడగండి.

పాలిథిలీన్ పోగులతో అల్లిన బ్రెయిడ్ దాదాపు సాగదు. నలభై అడుగుల లోతులో ముట్టినా వేలికి తెలుస్తుంది. కానీ పోగుల మధ్య నీరు నిలుస్తుంది. ఆరుబయట ఆ నీరు క్షణాల్లో గడ్డకట్టి దారం తీగలా బిగుస్తుంది, కర్ర కొసనున్న రింగులో మంచు పేరుకుంటుంది. హీటరు పెట్టిన గుడారంలో కూర్చునేవాళ్లు బ్రెయిడ్ వాడండి, నాకు అభ్యంతరం లేదు. బయట బకెట్ మీద కూర్చునేవాళ్లకు వద్దనే చెబుతాను.

ఫ్లోరోకార్బన్ నీటిని పీల్చుకోదు, కాబట్టి బయట దీనిమీద మంచు తక్కువ పడుతుంది. నీటికంటే బాగా బరువు, త్వరగా మునుగుతుంది. కాంతిని వంచే గుణంలో నైలాన్‌కంటే నీటికి దగ్గరగా ఉంటుంది (నీరు 1.33, ఇది 1.42, నైలాన్ 1.5 పైన). మంచు కింద తేటనీటిలో ఆ తేడా వల్ల దారం చేపకు అంతగా కనబడదు. ఇది సాగదని అంటుంటారు గానీ గట్టిగా లాగితే సాగుతుంది. లావు రకాలు బిరుసు, 6 పౌండ్లు దాటితే నేను రీలుకు ఎక్కించను. ముడిని బాగా తడిపి, నెమ్మదిగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి ముడి దగ్గరే బలహీనపడుతుంది.

నార్తర్న్ పైక్ చేపకు టిప్-అప్ (రంధ్రం మీద పెట్టి వదిలేసే, చేప లాగగానే జెండా లేచే సాధనం) వాడేవాళ్ల సంగతి వేరు. దాని స్పూలు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు. చేపను చేత్తోనే లాగుతాం, సన్నదారం వేళ్లను కోస్తుంది. అందుకే పూత వేసిన 20–30 పౌండ్ల డాక్రాన్ (అల్లిన పాలిస్టర్) దారం. పైక్ పళ్లకు ఆగేలా చివర, కొక్కెం ముందు, ఒక అడుగు స్టీలు లీడర్ (తీగ ముక్క) కట్టండి.

మొదటిసారి కొనేవాళ్లు 4 పౌండ్ల మెత్తటి నైలాన్ ఒక స్పూలు తీసుకోండి. నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక మీ లోతు, మీ చేప తెలుస్తాయి, అప్పుడు రెండో రకం కొనొచ్చు. వేసవి రీలు మీది పాత దారం మాత్రం వద్దు.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. కొన్న దారం మూడు నాలుగు మీటర్లు చిన్న ఖాళీ స్పూలుకు చుట్టి, తడిపి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. ఉదయం తీయగానే చివర మీ జిగ్ కట్టి, మెట్ల పైనుంచి కిందికి వేలాడదీయండి. చుట్లు విచ్చుకుని దారం నిటారుగా నిలిస్తే ఆ జంట సరస్సుకు పనికొస్తుంది. స్ప్రింగులా వేలాడితే జిగ్ బరువు పెంచండి, లేదా దారం మందం తగ్గించి మళ్లీ చూడండి. వేలాడే జిగ్ గిర్రున తిరుగుతోందా అన్నది కూడా గమనించండి. చిన్న చేపలు తిరిగే ఎరను ముట్టవు. సరస్సు మీద ఆ తిరుగుడుకు కారణం చాలాసార్లు రీలే, 5వ పాఠంలో దాని గురించే మాట్లాడుకుందాం.