7, 11, 13 – మూడింటికీ ఒకటే పరీక్ష

పెద్ద సంఖ్య 7తో నిశ్శేషంగా భాగించబడుతుందో లేదో చూడాలంటే చాలామంది నేరుగా భాగహారం మొదలుపెడతారు. అంత శ్రమ అక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. ఈ ఒక్క లబ్ధం గుర్తుంటే మూడు పరీక్షలూ ఒకేసారి అయిపోతాయి.

548639273 తీసుకోండి. కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి: 548, 639, 273. లక్షలు, కోట్ల ప్రకారం పెట్టిన కామాలు ఉంటే వాటిని పట్టించుకోవద్దు, చాలా తప్పులు అక్కడే జరుగుతాయి. ఇప్పుడు కుడి నుంచి ఒకటి తీసివేస్తూ, ఒకటి కలుపుతూ రండి: 273 – 639 + 548 = 182. ఇది 7 × 26, అలాగే 13 × 14. కాబట్టి అసలు సంఖ్య కూడా 7, 13 రెండింటితోనూ భాగించబడుతుంది. 182ను 11తో భాగిస్తే శేషం 6. అసలు సంఖ్యకూ అదే శేషం! నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

1000 అనేది 1001కి ఒకటి తక్కువ. అందుకే ఈ లెక్కలో వెయ్యి –1లా, పది లక్షలు +1లా ప్రవర్తిస్తాయి. ఫలితం రుణసంఖ్య అయితే 1001 కలపండి.

37తో పరీక్షించాలంటే అవే భాగాలను అన్నిటినీ కూడితే సరి, ఎందుకంటే 999 = 27 × 37. పై సంఖ్యకు మొత్తం 1460; మళ్లీ విడదీస్తే 1 + 460 = 461. 37తో భాగిస్తే 17 మిగులుతుంది.