చిన్న బైకు టైరులో గాలి ఎంత ఉండాలి?

టైరు పక్క గోడ మీద ఉన్న అంకె చూసి గాలి పట్టించకండి. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి. మీ బైకుకు కావలసిన అంకె చైన్ కవర్ మీదో, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. అది చెరిగిపోతే బైకుతో వచ్చిన మాన్యువల్‌లో చూడండి. 100–125 సీసీ బైకుల్లో చాలావాటికి ముందు 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్), వెనక 28 దరిదాపుల్లో ఉంటుంది. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకు 33 నుంచి 36, కొన్నింటికి ఇంకా ఎక్కువే కావాలి. ముందుది మాత్రం సాధారణంగా మార్చక్కర్లేదు, వెనక కూర్చున్న మనిషి బరువు ఎక్కువగా వెనక చక్రమే మోస్తుంది కాబట్టి.

ఈ అంకెలన్నీ చల్లటి టైరుకే. అంటే బండి ఆగి మూడు గంటలైనా అయి ఉండాలి. నడిచిన టైరు వేడెక్కి 28 ఉన్నది 31 చూపిస్తుంది. ఎక్కువైందని అక్కడ మూడు తీసేస్తే, తెల్లారేసరికి 25కి దిగిపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. గాలి పట్టించే చోటు దూరమైతే ఇంటి దగ్గరే కొలిచి, ఎంత తక్కువుందో గుర్తుపెట్టుకోండి. ఇంట్లో 22 ఉండి 28 కావాలంటే లోటు ఆరు. అక్కడికి వెళ్లాక 24 చూపిస్తే 30 దాకా పట్టించండి.

బొటనవేలితో నొక్కి చూస్తే 20కీ 30కీ తేడా తెలియదు, గాలి కొలిచే గేజి సొంతంగా ఒకటి ఉండాల్సిందే. దాన్ని వాల్వు మీద నిటారుగా, ఒక్క ఊపున నొక్కాలి. బుస్సుమని గాలి పోతూ ఉంటే ఆ రీడింగు తక్కువ చూపినట్టే, మళ్లీ పెట్టి చూడండి. పదిహేను రోజులకోసారి చూస్తే చాలు.

గాలి తక్కువైతే టైరు అంచులు ముందు అరుగుతాయి, పక్క గోడలు మడతపడుతూ వేడెక్కుతాయి. ఎక్కువైతే మధ్య గీత అరిగి, గతుకుల్లో బండి ఎగురుతుంది, నేలను పట్టే రబ్బరు తగ్గి బ్రేకు వేసినప్పుడు జారుతుంది.

ట్యూబు టైరైతే వాల్వు వైపు ఒకసారి చూడండి. అది ఒక పక్కకు వాలి ఉందంటే, గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగి ట్యూబును లాగిందన్నమాట. అలాగే వదిలేస్తే వాల్వు మొదట్లో చిరుగుతుంది. గాలి మొత్తం తీసి, ట్యూబును సర్ది, వాల్వు నిటారుగా నిలిచాకే మళ్లీ నింపించాలి. పంక్చర్ లేకుండానే గాలి దిగుతుంటే వాల్వు నోట్లో సబ్బు నీటి చుక్క వేయండి. బుడగ ఉబ్బితే లోపలి పిన్ను బిగించాలి, అప్పటికీ ఆగకపోతే పిన్ను మార్చాలి.