పంది ఈనే ముందు చూసుకోవాల్సినవి

చూడి సుమారు 114 రోజులు. ఈనడానికి వారం ముందే ఇవి చూసుకోండి.

– ఈనే గదిని గీకి, కడిగి, సున్నం వేసి పూర్తిగా ఆరనివ్వండి. పాత బ్యాచ్ పిల్ల ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. విరేచనాలు వాటి నుంచే కొత్తవాటికి అంటుకుంటాయి.

– తల్లి పొదుగును సబ్బునీళ్లతో కడిగాకే లోపలికి తోలండి.

– బల్బు వెలుగుతోందా? మొదటి వారం పిల్లలకు 32 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. అనంతపురం ఎండలు చూసి అక్కర్లేదనుకోవద్దు. డిసెంబరు రాత్రి చలికి ముడుచుకున్న పిల్ల పాలు సరిగా తాగదు. జున్నుపాలు పుట్టిన 6 గంటల్లోపు ప్రతి పిల్లకీ అందాలి. బలహీనమైనదాన్ని మీరే చన్ను దగ్గర పెట్టండి, ఆ రాత్రి మీకు నిద్ర లేకపోయినా ఫర్వాలేదు.

– పిల్లలకు పుట్టిన మూడో రోజుకు ఐరన్ ఇంజెక్షన్ సిద్ధం.

– సంతలో కొన్న పందిని 30 రోజులు విడిగా ఉంచండి. హోటల్ ఎంగిలిని ఉడకబెట్టకుండా పెట్టొద్దు, పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బు దాంతోనే రావచ్చు.